తాడేదీ? విమానమేదీ?

ఇంకో కట్టె వేసి ఇటు జరగండర్రా. వండర్ ఉమన్ అంటే మీకు గాల్ గాడోట్, కాదంటే మీ అమ్మ ఎప్పుడూ చెప్పే లిండా కార్టర్. వాళ్ళిద్దరికంటే ముందు ఇంకో అమ్మాయి ఆ వేషం కట్టింది. పేరు క్యాథీ లీ క్రాస్బీ. బంగారు రంగు జుట్టు పిల్ల. 1974 మార్చి 12, మంగళవారం రాత్రి ఏబీసీ ఛానల్లో టీవీ సినిమాగా వచ్చింది. మేం చూశాం. చూశాక వారం పాటు మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద అదే వాదన. ఎవరేమన్నారో, ఎందుకన్నారో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అప్పటి రోజులు ముందు మీకు తెలియాలి. 1965లో ఇక్కడి వలస చట్టం మార్చి, పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పాత పద్ధతి తీసేశారు. దాంతో మనవైపు డాక్టర్లకి దారి తెరుచుకుంది. గుంటూరులో చదివినవాళ్ళు, విశాఖలో చదివినవాళ్ళు రెసిడెన్సీకని ఒక్కొక్కరే వచ్చారు. మీ తాతయ్యా అలా వచ్చినవారే. మేం డెట్రాయిట్లో కాపురం పెట్టాం. 1973 అక్టోబర్లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. ఆ చలికాలమంతా పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరి ఉండేవి. పెద్ద కార్లు కొనేవాళ్ళు లేక ఫ్యాక్టరీల్లో మనుషుల్ని తీసేశారు. కరెంటు ఆదా అని జనవరిలోనే గడియారాలు గంట ముందుకి జరిపేసరికి పిల్లలు తెల్లారక ముందే చీకట్లో బడికి వెళ్ళేవాళ్ళు.

మా ఇంట్లో ఓ జెనిత్ టీవీ ఉండేది. పైన రెండు కొమ్ముల యాంటెన్నా, దాని చివర్లకి వెండి కాగితం చుట్టి పెట్టేదాన్ని. ఛానల్ మార్చాలంటే లేచి వెళ్ళి తిప్పాల్సిందే. రికార్డు చేసుకోవడాలు లేవు, మళ్ళీ చూడడాలు లేవు. ఆ పూట చూస్తే చూసినట్టు, లేకపోతే పోయినట్టే. అందుకే చూసినవాళ్ళంతా కళ్ళార్పకుండా చూసేవాళ్ళు, మర్నాడు గట్టిగా మాట్లాడేవాళ్ళు. తెనాలిలో మా చెల్లెలికి ఉత్తరం రాస్తే, "ఇంట్లో కూర్చుంటే సినిమా వస్తుందా అక్కా?" అని అడిగింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977కి గానీ రాలేదు మరి.

ఆ మంగళవారం మా ముందుగదిలో ఎవరెవరున్నారో చెప్తాను. మీ తాతయ్య, నేను, నా ఒళ్ళో నిద్రపోతున్న మీ అమ్మ. ఇంకో రెండు తెలుగు కుటుంబాలు. పైఅంతస్తులో ఉండే నర్సు ఒకావిడ, ఆవిడ కొడుకు. వాళ్ళ టీవీ పాడై ఉంది. ఆవిడ భర్తని కార్ల ఫ్యాక్టరీ నుంచి తీసేసి అప్పటికి నెలలయింది. ఇల్లు నడిచేది ఆవిడ జీతం మీదే. క్రీమ్ ఆఫ్ వీట్‌తో చేసిన ఉప్మా అందరికీ గిన్నెల్లో పెట్టిచ్చాను. బొంబాయి రవ్వ ఎక్కడ దొరికేది ఆ రోజుల్లో! ఆ పిల్లాడు గిన్నె పక్కన పెట్టేసి టీవీకి జానెడు దూరంలో బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

వాడికి వండర్ ఉమన్ సంగతి క్షుణ్ణంగా తెలుసు. ముందటేడు సెప్టెంబర్ నుంచి శనివారం పొద్దున్నే ఇదే ఏబీసీలో "సూపర్ ఫ్రెండ్స్" అని బొమ్మల కార్యక్రమం వచ్చేది. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌లతో పాటు అందులో ఆవిడా ఉండేది. నల్ల జుట్టు, నుదుటి మీద నక్షత్రం ఉన్న పట్టీ, నిజం చెప్పించే బంగారు తాడు, కళ్ళకి కనపడని విమానం. ఇంకా ఇరవై సెంట్లకి ఓ కామిక్ పుస్తకం. అమ్మ ఇచ్చిన చిల్లరంతా అక్కడే పోసేవాడు.

సినిమా మొదలైంది. ఆడవాళ్ళే ఉండే దీవి, తల్లి దగ్గర సెలవు తీసుకుని బయటి లోకానికి బయల్దేరే డయానా. ఆ ముక్క బానే ఉంది. మా తెలుగు ఆడవాళ్ళం ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకుని "ప్రమీల రాజ్యం!" అన్నాం ఒక్కసారే. అర్జునుడు అశ్వమేధపు గుర్రం వెంట వెళ్ళి, మగవాడన్నవాడే లేని ఆ దేశంలో చిక్కుకుంటాడే, ఆ కథ. ఎన్టీ రామారావు, బి. సరోజాదేవి వేసిన "ప్రమీలార్జునీయం" అప్పటికి తొమ్మిదేళ్ళ కిందటి సినిమా. మాకు ఆ దీవి వింతే కాదు, ఎరిగున్న ఊరే.

దీవి దాటాక కథ వేరే దారి పట్టింది. డయానా ప్రభుత్వ గూఢచారి ఆఫీసులో స్టీవ్ ట్రెవర్ దగ్గర సెక్రటరీ. గూఢచారుల వివరాలున్న కోడ్ పుస్తకాలు ఎవడో ఎత్తుకుపోయి, కోటీ యాభై లక్షల డాలర్లిస్తేనే వెనక్కిస్తానంటాడు. వాడి వెంట పడడమే సినిమా అంతా. యుద్ధానికి వెళ్ళేటప్పుడు ఆవిడ వేసుకున్నది ఎర్రటి కోటు లాంటి పైతొడుగు, చేతుల మీద నక్షత్రాలు, కింద నీలం. నుదుటి పట్టీ లేదు. తాడు లేదు. విమానం లేదు. ఒంట్లో మామూలు మనిషికి మించిన బలమూ లేదు. పరిగెడుతుంది, దెబ్బలాడుతుంది, చేతి కడియాల్లో ఏవో పరికరాలున్నాయి, అంతే.

పిల్లాడు మొదటి పావుగంట ఓపిక పట్టాడు. ప్రకటనలు వచ్చినప్పుడు వెనక్కి తిరిగి "తాడెప్పుడు వస్తుంది?" అని వాళ్ళమ్మని అడిగాడు. రెండోసారి ప్రకటనలప్పుడు "విమానమేదీ?" అన్నాడు. మూడోసారికి వాడి గొంతు జీరబోయింది. "ఈవిడ ఆవిడ కాదు" అనేసి, మా సోఫా వెనక్కి వెళ్ళి ఉప్మా తినడం మొదలెట్టాడు. మర్నాడు బడిలో పిల్లలందరిదీ అదే మాటట. "జుట్టు కూడా వేరే రంగే" అన్నార్ట.

ఇక మీ తాతయ్య. ఆయనకి సినిమా నచ్చింది, నచ్చడానికి కారణం విలన్. ఆ దొంగ మొహం చాలాసేపు చూపించరు, చేతులూ గొంతూ మాత్రమే. ఆ గొంతు వినగానే "ఖాన్!" అన్నారు. స్టార్ ట్రెక్‌లో ఖాన్ నూనియన్ సింగ్ అని మనదేశపు పేరుతో ఓ పాత్ర ఉంది, 1967లో వచ్చింది. అది వేసిన రికార్డో మాంటల్‌బాన్ ఇందులో విలన్. మెక్సికోలో పుట్టిన నటుడు. మర్యాదగా, తీయగా మాట్లాడుతూనే భయపెడతాడు. డయానా అంటే ఆ దొంగకి గౌరవం. ఆ గౌరవం సీన్లో కనపడుతుంది కూడా. సినిమా మొత్తంలో నటన అంటే వాళ్ళిద్దరూ ఎదురుపడ్డ చోటే, ఈ మాట నేనూ ఒప్పుకుంటాను.

మా తెలుగు ఆడవాళ్ళ అభిప్రాయం ఇంకోలా ఉంది. బట్టలు నిండుగా ఉన్నాయి, పిల్ల పద్ధతిగా ఉంది, ఎవడితోనూ వెకిలి వేషాలు లేవు, నలుగురిలో కూర్చుని చూడొచ్చు అన్నారు. "మన విజయలలితలా ఉంది" అంది ఒకావిడ. నిజమే. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన "రౌడీ రాణి" తెనాలిలో చూసే విమానం ఎక్కాను నేను. తుపాకీ పట్టి, గుర్రమెక్కి, మగాళ్ళని చితక్కొట్టే ఆడపిల్లని చూసి హాలంతా ఈలలు. ఆడది ఫైటింగ్ చేయడం అమెరికావాళ్ళకి కొత్తేమో గానీ మాకు కాదు. కానీ నేనన్నాను, విజయలలిత కొడితే దెబ్బ మనకి తగిలినట్టుండేదే, ఈవిడ కొడుతుంటే అలా లేదేం? అందులో పగ ఉండేది. ఇందులో ఆఫీసు పనే ఉంది.

నర్సావిడ ఏమంటుందా అని నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడ సినిమా అయ్యేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆవిడ వంటింటి గోడకి ఓ పత్రిక అట్ట అంటించి ఉండేది. గ్లోరియా స్టైనెమ్ వాళ్ళు మొదలుపెట్టిన "మిస్" పత్రిక, 1972 జులై సంచిక. ఆ అట్ట మీద వండర్ ఉమన్ వీధికి మించిన ఎత్తున అడుగులేస్తూ వస్తుంటుంది, పైన ఆవిడని అధ్యక్షురాలిని చెయ్యాలని రాసి ఉంటుంది. ఆ బొమ్మ ఎందుకంత ఇష్టమో ఆవిడే చెప్పింది నాకు.

వండర్ ఉమన్‌ని పుట్టించింది విలియం మౌల్టన్ మార్స్టన్ అని ఓ మనస్తత్వ శాస్త్రవేత్త. అబద్ధం చెప్పినప్పుడు రక్తపోటు ఎలా పెరుగుతుందో కనిపెట్టి పరీక్ష తయారుచేసినాయన. అందుకే ఆయన రాసిన కథానాయిక చేతికి నిజం చెప్పించే తాడొచ్చిందని చాలామంది అంటారు. బొమ్మలేసింది హెచ్.జి. పీటర్. 1941 చివర్లో మొదటిసారి అచ్చయింది. మార్స్టన్ 1947లో పోయాడు. 1968లో ఆ పుస్తకం వాళ్ళకి కాలంతో పాటు మారాలనిపించి, ఆవిడ శక్తులన్నీ తీసేసి, కొత్త ఫ్యాషన్ బట్టలేయించి, బట్టల కొట్టు పెట్టించారు. మామూలు ఆడదయిపోయింది. శక్తి తీసేస్తే ఇక మిగిలిందేమిటని స్టైనెమ్ లాంటివాళ్ళు అడిగారు. 1973లో మళ్ళీ పాత దుస్తులు, పాత బలం తిరిగిచ్చేశారు. మరి టీవీవాళ్ళు 1974లో తెచ్చింది ఎవరిని? పుస్తకంవాళ్ళే వద్దనుకుని వదిలేసిన శక్తి లేని డయానాని.

అప్పుడు నర్సావిడ అన్న మాట విని మీ తాతయ్య కాస్త సర్దుకుని కూర్చున్నారు. "ఆరు నెలల కిందట ఇదే ఛానల్లో బిల్లీ జీన్ కింగ్‌ని చూపించారు. నిజం మనిషి, నిజం బలం. ఇవాళ కట్టుకథలో కూడా బలం ఇవ్వడానికి చేతులు రాలేదా వీళ్ళకి?" అంది. 1973 సెప్టెంబర్ 20న హ్యూస్టన్‌లో జరిగిన టెన్నిస్ పోటీ అది. ఆడవాళ్ళ ఆట మగవాళ్ళ ఆటకి సాటిరాదని ఊరూరా చాటిన బాబీ రిగ్స్‌ని మూడు సెట్లలో వరసగా ఓడించింది ఆ అమ్మాయి. మైదానంలో ముప్ఫై వేలమంది, టీవీల ముందు కోట్లమంది. మేమూ చూశాం. తమాషా చూడండి, క్యాథీ లీ క్రాస్బీ కూడా ఒకప్పటి టెన్నిస్ ఆటగత్తే. ఆ భుజాల్లో బలం ఉంది, పరుగులో పట్టు ఉంది. కథలోనే చోటివ్వలేదు.

మీ తాతయ్య ఊరుకోలేదు. "శక్తులెందుకు? మామూలు ఆడపిల్ల తెలివితో, ధైర్యంతో గెలిచింది కదా, అదే గొప్ప" అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అప్పట్లో చాలామంది పెద్దవాళ్ళు అలాగే అన్నారు. ఇది చక్కటి గూఢచారి సినిమా, పేరొక్కటి మారిస్తే వంక పెట్టడానికేం లేదన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. మామూలు మనిషిగా ఉంటే గొప్ప అనేమాట సూపర్‌మ్యాన్‌కి ఎవరూ చెప్పలేదే! అతన్ని ఎగరడం మానెయ్యమనలేదే! ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఆ తీసివేతలన్నీ ఎందుకు?

నాకంత కోపం ఎందుకొచ్చిందో కూడా చెప్తాను. ఆ చలికాలంలోనే ఊళ్ళో ఓ పెద్ద బట్టల దుకాణంలో నెలనెలా కట్టే ఖాతా కార్డు కోసం నర్సావిడా, నేనూ కలిసి వెళ్ళాం. కౌంటర్ దగ్గర మనిషి కాగితాలు చూసి ఆవిడతో "మీ ఆయన సంతకం కావాలి" అంది. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న మనిషి సంతకం! జీతం తెచ్చేది ఈవిడ. ఆవిడ కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుని బయటికొచ్చేసింది. దారిలో ఒక్క మాట లేదు. అలాంటి ఆవిడ రాత్రి డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చి కూర్చుంది ఆ సినిమాకి. కాసేపైనా తుపాకీగుళ్ళు కడియాలతో ఆపే ఆడదాన్ని చూద్దామని. ఆవిడకి చూపించిందేమిటి? ఆఫీసులో ఇంకో సెక్రటరీని.

క్రాస్బీని మాత్రం నేను తప్పుపట్టను. చాలామంది ఆ పిల్లనే తిట్టారు, ఇప్పటికీ తిడుతున్నారు. జుట్టు రంగు తప్పంటారు, మొహంలో భావం లేదంటారు. రాసినవాళ్ళు రాసిందే కదా చేసింది! తొణక్కుండా, నిటారుగా, ఎవరికీ తలొంచకుండా నడిచింది. దీవి నుంచి వచ్చిన ఇంకో ఆడది, అనీట్రా ఫోర్డ్ వేసింది, ఎదురుతిరిగినప్పుడు వాళ్ళిద్దరి పోరులో క్రాస్బీ కళ్ళు చూడాలి మీరు. కొట్టాలనీ ఉంది, కొట్టడానికి బాధా ఉంది. అది తెలిసిన నటే చేయగలదు. కథ రాసింది జాన్ డి.ఎఫ్. బ్లాక్, తీసింది విన్సెంట్ మెక్‌ఈవెటీ. పనితనం లేనివాళ్ళేం కాదు. ఎవరి కథ తీస్తున్నామో ఆ మనిషి మీద నమ్మకం లేదు, అంతే.

దీనికి ముందు ఇంకా ఘోరం జరిగిందని తర్వాతెప్పుడో తెలిసింది. మీ మావయ్య కంప్యూటర్లో చూపించాడు. 1967లో బ్యాట్‌మ్యాన్ సీరియల్ తీసిన విలియం డోజియర్ ఓ నాలుగైదు నిమిషాల ముక్క తీయించాడు. అందులో డయానా తల్లితో కలిసి ఉంటుంది. ఇంత వయసొచ్చినా పెళ్ళి కాలేదని, వేళకి తినవని తల్లి సణుగుడు. ఆ పిల్ల అద్దంలో చూసుకుంటే ఇంకెవరో అందగత్తె కనపడుతుంది, దాన్ని చూసి మురిసిపోతుంది. ఆడదానికి బలముందనడమే వాళ్ళకి హాస్యం. అది ఎక్కడా ప్రసారం కాలేదు. దాని పక్కన పెడితే క్రాస్బీ సినిమా ఎంతో నయం. ఆవిడని చూసి నవ్వమనలేదు ఎవరూ. ఈ ముక్క ఆ సినిమాని తిట్టేవాళ్ళందరికీ చెప్తాను నేను.

ఆ సినిమా సీరియల్ కాలేదు. చూసినవాళ్ళు చూశారు గానీ ఇంకా కావాలని అడిగినవాళ్ళు తక్కువ. ఏబీసీ వాళ్ళు ఆ పేరు మాత్రం వదల్లేదు. మళ్ళీ మొదట్నుంచీ చేశారు. ఈసారి డగ్లస్ క్రామర్ నిర్మాత, రాసింది స్టాన్లీ రాల్ఫ్ రాస్. నేరుగా మార్స్టన్ పుస్తకానికే వెళ్ళారు. 1942, ప్రపంచ యుద్ధం, నాజీలు, తాడు, కడియాలు, నక్షత్రాల పట్టీ, కనపడని విమానం, అన్నీ. 1975 నవంబర్ 7, శుక్రవారం వచ్చింది. పాత సినిమాతో పొరపడకుండా దాని పేరులోనే కొత్తదనీ, అసలుదనీ రెండూ పెట్టుకున్నారు. లిండా కార్టర్ 1972లో మిస్ వరల్డ్ యూఎస్ఏ గెలిచిన అమ్మాయి. చేతులు చాచి గిర్రున తిరిగితే మామూలు డయానా వండర్ ఉమన్ అయిపోతుంది. అలా తిరగడం కార్టరే సూచించిందట, నాట్యం వచ్చిన పిల్ల కదా.

మా ముందుగదిలో మళ్ళీ అదే జనం. నర్సావిడ కొడుకు ఏడాదిన్నర పెద్దవాడయ్యాడు, ఇలాంటివి చూసే వయసు దాటిపోయిందన్నట్టు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. తాడు తెరమీదికి రాగానే వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

మా తెలుగు ఆడవాళ్ళకి మాత్రం ఈ బట్టలు మింగుడుపడలేదు. "ఆ మొదటమ్మాయే నయం, ఒంటినిండా కప్పుకుంది" అన్నారు. ఇక్కడి ఆడవాళ్ళలోనూ ఆ మాట అన్నవాళ్ళున్నారు. ఆడదాని బలం చూపిస్తున్నారా, ఒళ్ళు చూపిస్తున్నారా అని. అది తీసిపారేయాల్సిన మాట కాదు. నేనూ మొదటి పది నిమిషాలు ఇబ్బందిపడ్డాను. కానీ ఆవిడ మనిషిని ఎత్తి అవతల పారేసి, చిన్నగా నవ్వి, జుట్టు సర్దుకుంటుంటే బట్టల సంగతి మర్చిపోయాను. ఆ నవ్వులో దయ ఉంది. కొట్టినవాడి మీద కూడా కసి లేదు. విజయలలితలో పగ నాకెంత ఇష్టమో, ఇందులో ఆ దయ అంత ఇష్టం.

ఆ అక్టోబర్ 28 నుంచే, అప్పు విషయంలో ఆడా మగా తేడా చూపించకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది. 1974లో చేసిన చట్టం, ఏడాదికి అమలు. నర్సావిడ అదే దుకాణానికి వెళ్ళి తన పేరు మీద, తన ఒక్కదాని సంతకంతో కార్డు తెచ్చుకుంది. తెచ్చి ముందు నాకే చూపించింది. పేరు మీద వేలితో తడిమి చూశాను, ఉబ్బెత్తుగా తగిలాయి అక్షరాలు.

ఆ సీరియల్ ఏబీసీలో కొన్నాళ్ళు, 1977 నుంచి సీబీఎస్‌లో ఇంకొన్నాళ్ళు నడిచి 1979లో ఆగింది. సీబీఎస్‌కి మారాక కథని అప్పటి కాలానికి తెచ్చేశారు. నాకు యుద్ధకాలం నాటివే ఇష్టం. మీ అమ్మకి అన్నీ ఇష్టమే. తువ్వాలు నడుముకి కట్టుకుని హాల్లో తిరిగీ తిరిగీ బల్లకి నుదురు కొట్టుకుంది. కనుబొమ్మ పక్కన ఆ గీత చూడండి, అడిగితే ఇంకేదో చెప్తుంది.

క్రాస్బీ ఏమైందనేగా? 1980లో అదే ఏబీసీలో "దట్స్ ఇన్‌క్రెడిబుల్" అని కార్యక్రమం మొదలైంది. మనుషులు చేసే నమ్మలేని పనులు, సాహసాలు చూపించేవాళ్ళు. నడిపించే ముగ్గురిలో ఆవిడొకతె. దేశమంతా చూసేది. మేం అప్పటికి ఇల్లు మారాం, నర్సావిడ ఫోన్ చేసింది. "ఛానల్ సెవెన్ పెట్టు, మన డయానా వచ్చింది" అని. అవతల వాళ్ళబ్బాయి గొంతు కూడా వినపడింది, మీసాలొచ్చే వయసు గొంతు. "ఆవిడకో తాడిచ్చి ఉంటే బావుండేదమ్మా" అంటున్నాడు.